తమ్ముడు త్రిత్వం లేదంటున్నాడు, బాపు గడప తొక్కొద్దంటున్నాడు

ప్రశ్న:

అక్కా, వందనాలు. మాది కాజీపేట. బాపు రైల్వేలో చేసి రిటైరయ్యాడు. హన్మకొండలో మేం వెళ్లే బాప్టిస్టు సంఘంలో ఇరవై ఏళ్లుగా పెద్ద. అమ్మ పుట్టింటివాళ్లు ఫాతిమానగర్ కథోలికులు. పెండ్లప్పుడు అమ్మ మా సంఘంలో మళ్లీ ముంపు బాప్తిస్మం తీసుకుంది. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. రెండేళ్ల కింద అక్కడ ఒక 'యేసు నామం' సంఘంలో చేరి తనూ మళ్లీ బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటినుంచి ఇంటికొస్తే ఇదే గొడవ. త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్క దేవుడే అన్న నమ్మకం, ఆ మాటే బైబిల్లో లేదు, నైసియా సభలో చక్రవర్తి కనిపెట్టాడు, ముగ్గురి పేర్ల మీద మీరు తీసుకున్న బాప్తిస్మం చెల్లదు అంటాడు. క్రిస్మస్ నాడు అన్నం ముందర కూర్చుని నేను నీళ్లు, మంచు, ఆవిరి ఉదాహరణ చెప్పాను. "నేను చెప్పేది కూడా అదే కదక్కా" అని నవ్వాడు. నాకు నోట మాట రాలేదు. బాపు లేచి, "నువ్వు యెహోవా సాక్షులల్ల కలిసినవ్, నా గడప తొక్కొద్దు" అన్నాడు.

ఫిబ్రవరి నెలాఖరున చెల్లె పెండ్లి. ముగ్గురి పేరు మీద దీవిస్తే పందిట్లో కూర్చోనంటున్నాడు వాడు. మా చిన్నాన్న కొడుకేమో రెండు వైపుల పాస్టర్లను పిలిచి పెండ్లికి ముందే డిబేట్ పెడదాం, ఎవరు నెగ్గితే వాళ్ల మాట అందరూ వినాలి అంటున్నాడు. దీనికి తోడు ఆఫీసులో ఒకామె, "మీ త్రిత్వం అంటే మా వేయి స్తంభాల గుడిలాంటిదే కదా" అంటే ఏం చెప్పాలో తెలియలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. డిబేట్‌కు ఒప్పుకోవాలా? వాడికి ఏమని చెప్పాలి?

జవాబు:

చెల్లీ, వందనాలు.

డిబేట్‌కు ఒప్పుకోకండి. మీ చిన్నాన్న కొడుకుకు ఈ రోజే ఫోన్ చేసి ఆ మాట చెప్పేయండి. ఎందుకో కింద రాస్తాను. మీకు నోట మాట రాలేదన్నారు చూడండి, ముందు అక్కడ మొదలుపెడదాం.

నీళ్లు గడ్డకడితే మంచు, మరిగితే ఆవిరి. గిన్నెలో ఉన్న నీళ్లు మంచైపోయాక ఇక నీళ్లుగా ఉండవు, ఆవిరైపోయాక మంచుగా ఉండవు. ఆ ఉదాహరణ ప్రకారం ఒక్కడే దేవుడు ఒకసారి తండ్రిగా, ఒకసారి కుమారుడిగా, ఇంకోసారి ఆత్మగా కనబడ్డాడని అర్థం. మీ తమ్ముడి సంఘం బోధ ఇంచుమించు ఇదే. మూడో శతాబ్దం మొదట్లో రోములో సబెల్లియస్ అనే బోధకుడు ఇలాంటిదే చెప్తే అప్పటి సంఘం ఒప్పుకోలేదు. ఈనాటి యేసు నామం బోధకులు కొంచెం జాగ్రత్తగా, ఒకదాని తర్వాత ఒకటి అనకుండా, దేవుడు మూడు విధాలుగా ప్రత్యక్షమయ్యాడు అంటారు. అయినా తండ్రి, కుమారుడు, ఆత్మ అన్నవి ఒక్కరికే ఉన్న పేర్లు అన్నది వాళ్ల నమ్మకం. కాబట్టి మీ తమ్ముడు మిమ్మల్ని ఎగతాళి చేశాడని బాధపడకండి. మీరు నిజంగానే అతని వైపు మాట్లాడారు.

ఇందులో మీ తప్పేమీ లేదు. మనకు నేర్పిందే అది. నేను ముప్ఫై ఏళ్లు సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పాను. మొదటి పదేళ్లూ ఈ నీళ్ల ఉదాహరణే చెప్పాను. ఒకే మనిషి ఇంట్లో తండ్రి, బడిలో మాస్టారు, తన తల్లికి కొడుకు అని చెప్పేవాళ్లున్నారు. అదీ ఇలాంటిదే. కోడిగుడ్డు ఉదాహరణ ఇంకో వైపు తప్పుతుంది. పెంకు గుడ్డులో ఒక భాగం, పెంకునే గుడ్డు అనం. కుమారుడు దేవునిలో మూడో వంతు అని ఏ సంఘమూ నమ్మదు. మూడు రేకుల మారేడు దళం చూపించినా అదే చిక్కు. సూర్యుడు, వెలుగు అన్న పోలిక వీటన్నిటికంటే పాతది. నైసియా సభ రాసుకున్న విశ్వాస ప్రమాణంలోనే 'వెలుగులోనుండి వెలుగు' అన్న మాట ఉంది. కుమారుడు తండ్రినుంచి వచ్చినవాడు, తండ్రి ఏమిటో ఆయనా అదే అని చెప్పడానికి ఆ పోలిక పనికొస్తుంది. అంతకుమించి లాగితే తెగుతుంది. వెలుగు సూర్యుడితో మాట్లాడదు కదా. గెత్సేమనే తోటలో కుమారుడు మోకరించి తండ్రితో మాట్లాడాడు.

ఇక బాపు సంగతి. మీ తమ్ముడు యెహోవా సాక్షుల్లో కలవలేదు. ఈ రెండు బోధలూ ఒకదానికొకటి ఎదురు. యెహోవా సాక్షులు 1870లలో అమెరికాలో ఛార్లెస్ రస్సెల్ మొదలుపెట్టిన బైబిలు అధ్యయనాల నుంచి వచ్చినవాళ్లు. ఆ పేరు పెట్టుకున్నది 1931లో. వాళ్ల లెక్కలో యేసు దేవుడు సృజించినవాళ్లలో మొదటివాడు, తండ్రికి సమానుడు కాడు. మీ తమ్ముడేమో యేసే ఆ తండ్రి, యేసును మించి దేవుడే లేడు అంటున్నాడు. ఇది పెంతెకొస్తు ఉద్యమం లోపలే పుట్టింది. 1913లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఒక పెద్ద కూటంలో, అపొస్తలులు యేసు నామంలోనే బాప్తిస్మం ఇచ్చారు కదా అని ఒక బోధకుడు ఎత్తిచూపాడు. అక్కణ్నుంచి మాట పాకింది. 1916లో ఆ ఉద్యమంలోని అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే సంఘం వాళ్లు త్రిత్వాన్ని తమ విశ్వాస ప్రకటనలో రాసుకుంటే, ఒప్పుకోని సేవకులు నూట యాభైకి పైగా బయటికి వెళ్లిపోయారు.

బాపుకు ఇది ఓపిగ్గా చెప్పండి. కొడుకు యేసును తక్కువ చేశాడని ఆయన అనుకుంటున్నాడు, ఆ కోపంలోనే గడప మాట వచ్చింది. కొడుకు యేసును తక్కువ చేయలేదు. తను నమ్మనిదాన్ని నమ్మాడని కన్నతండ్రే నింద వేస్తే, ఆ ఇంట్లో ఇంకెవరు చెప్పినా అతని చెవికెక్కదు.

త్రిత్వం అనే మాట బైబిల్లో లేదన్నది నిజమే. వెంటనే ఒప్పుకోండి. కానీ నైసియాలో పుట్టిందన్నది తప్పు. ఉత్తర ఆఫ్రికాలో కార్తేజ్ పట్టణంలో ఉన్న తెర్తుల్లియన్ సుమారు 213లో ప్రాక్సియస్ అనే బోధకుడికి జవాబు రాస్తూ, త్రిత్వానికి లాటిన్‌లో ఇప్పటికీ ఉన్న 'ట్రినిటాస్' అన్న మాటే వాడాడు. నైసియాకు నూరేళ్ల ముందు సంగతి ఇది. ఆ ప్రాక్సియస్ బోధ ఏమిటో తెలుసా? తండ్రే కుమారుడై వచ్చాడని. మీ ఇంట్లో క్రిస్మస్ నాడు జరిగిన వాదన అప్పుడే ఒక పుస్తకమంత జరిగింది.

నైసియా ఇప్పటి తుర్కియేలో ఇజ్నిక్ అనే ఊరు. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పిలిస్తే ఇంచుమించు 300 మంది బిషప్పులు వచ్చారు. అక్కడ తేల్చాల్సిన ప్రశ్న మీ తమ్ముడిది కాదు. అలెగ్జాండ్రియాలో ఆరియస్ అనే పెద్ద, కుమారుడు లేని కాలం ఒకటి ఉండేది, ఆయన సృజించబడినవాడే అన్నాడు. పాటలు కట్టి మరీ పాడించాడు. కాదు, కుమారుడు తండ్రితో ఒకే తత్వం గలవాడు అని సభ తేల్చింది. యేసు నిజంగా దేవుడేనా అన్న ఆ ప్రశ్నకు మీ తమ్ముడూ అవుననే అంటాడు. ఆ ఒక్క విషయంలో అతను బాపుతో పాటు నైసియా వైపే ఉన్నాడు. మొదటిసారి మాట్లాడేటప్పుడు ఈ సంగతి చెప్పి చూడండి.

చక్రవర్తి రుద్దాడన్న మాట కూడా నిలబడదు. అదే కాన్‌స్టంటైన్ 335లో, నైసియా విశ్వాసం కోసం పోరాడిన అతనేసియస్‌ను ప్రవాసం పంపాడు. చావుకు ముందు 337లో బాప్తిస్మం తీసుకున్నది ఆరియస్‌ను వెనకేసుకొచ్చిన బిషప్పు చేతుల మీద. కాన్‌స్టంటైన్ కొడుకు రాజ్యంలో ఆరియస్ పక్షానిదే పైచేయి. అతనేసియస్ మొత్తం ఐదుసార్లు ప్రవాసం పోయాడు. పరిశుద్ధాత్మ గురించి నైసియా ప్రమాణంలో ఒక్క ముక్కే ఉంది. మిగతాది 381లో కాన్‌స్టాంటినోపుల్ సభలో చేరింది. యాభై ఆరేళ్లు పట్టింది. రాజుగారు ఒక్కరోజు సంతకం పెట్టి చేసిన పనైతే అంతకాలం ఎందుకు పడుతుంది?

ఇదంతా చరిత్ర. మీ తమ్ముడు చరిత్రకు లొంగడు, వాక్యం చూపించమంటాడు. అడగడంలో న్యాయం ఉంది.

యోహాను సువార్త మొదటి వచనం మీకు కంఠస్థమే: "వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను." 'దేవునియొద్ద' అంటే పక్కన ఇంకొకరు ఉన్నారు. 'దేవుడై' అంటే ఆయనా దేవుడే. ఈ రెండు ముక్కల్లో ఏ ఒక్కటి వదిలినా దారి తప్పుతాం. మొదటిది వదిలితే సబెల్లియస్, రెండోది వదిలితే ఆరియస్. దేవుడు ఒక్కడే అన్న ద్వితీయోపదేశకాండం మాటను కూడా వదలకూడదు. ఈ మూడింటినీ ఒకేసారి పట్టుకోవడానికి సంఘం పెట్టుకున్న పేరే త్రిత్వం. ఇది దేవుణ్ని విప్పి చూపించే లెక్క కాదు చెల్లీ. పొలం చుట్టూ పాతిన హద్దురాళ్లలాంటిది. ఇటు వెళ్తే అది పోతుంది, అటు వెళ్తే ఇది పోతుంది అని చెప్తుంది.

మీ తమ్ముడు యెషయా 9:6లో 'నిత్యుడగు తండ్రి' అని ఉందంటాడు, "నన్ను చూచిన వాడు తండ్రిని చూచియున్నాడు" అన్న యోహాను 14:9 చదువుతాడు. కొట్టిపారేయకండి. అవి నిజంగానే యేసు దైవత్వాన్ని గట్టిగా చెప్పే మాటలు. కానీ యెషయా ఆ వచనంలోనే మనకు కుమారుడు అనుగ్రహింపబడెను అంటున్నాడు. యోహాను అదే 14వ అధ్యాయంలో కొంచెం కిందికి వస్తే, కుమారుడు తండ్రిని వేడుకుంటే తండ్రి 'వేరొక ఆదరణకర్తను' ఇస్తాడని ఉంది. వేడుకునేవాడు, ఇచ్చేవాడు, వచ్చేవాడు. 17వ అధ్యాయంలో యేసు ప్రార్థన చూడండి: "జగత్తు పునాది వేయబడక మునుపే నీవు నన్ను ప్రేమించితివి." నా మటుకు నాకు త్రిత్వం అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. ఆకాశం లేదు, భూమి లేదు, మనిషి లేడు. అప్పుడు కూడా ప్రేమించేవాడు ఉన్నాడు, ప్రేమ అందుకునేవాడు ఉన్నాడు. తండ్రి, కుమారుడు ఒక్కరికే ఉన్న రెండు పేర్లైతే ఆ ప్రేమ ఎవరు ఎవరికి ఇచ్చారు? యేసు నామం బోధకులు దీనికి, అది దేవుని సంకల్పంలో ఉన్న ప్రేమ, రాబోయే కుమారుణ్ని ముందే చూసి ప్రేమించాడు అని జవాబిస్తారు. గెత్సేమనే గురించి అడిగితే, యేసులోని మానవ స్వభావం దైవ స్వభావాన్ని ప్రార్థించింది అంటారు. నాకు ఆ జవాబులు ఆనవు. స్వభావం స్వభావాన్ని ప్రేమించదు. ప్రేమించాలంటే ఒకరు కావాలి, అందుకోవడానికి ఇంకొకరు కావాలి.

రెండు వాదనలు మాత్రం వాడకండి. సాక్ష్యమిచ్చేవారు పరలోకంలో ముగ్గురు, తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అన్న 1 యోహాను 5:7 మాట పాత ఇంగ్లిషు కింగ్ జేమ్స్ బైబిల్లో ఉంది. పాత గ్రీకు ప్రతుల్లో లేదు. 1516లో గ్రీకు కొత్త నిబంధన అచ్చువేసిన ఎరాస్మస్ మొదటి రెండు ముద్రణల్లో దాన్ని వదిలేసి, ఒత్తిడి వచ్చాక 1522లో చేర్చాడు. మన తెలుగు బైబిల్లో అక్కడ ఆత్మ, నీళ్లు, రక్తం అనే ఉంటుంది. హెబ్రీలో దేవుణ్ని 'ఎలోహీం' అనే బహువచన రూపంతో పిలుస్తారు కాబట్టి ముగ్గురు అనే వాదన కూడా బలహీనం. ఒకే ఒక అన్యదేవత గురించి చెప్పేటప్పుడు కూడా బైబిలు ఆ రూపం వాడింది. ఇలాంటివి పట్టుకుంటే మీ తమ్ముడు వాటినే పడగొట్టి, మొత్తం పడిపోయిందంటాడు.

ఇంకో ఇబ్బంది మన భాషలో ఉంది. 'ముగ్గురు వ్యక్తులు' అని మన బోధకులు అంటారు. కాజీపేట స్టేషన్‌లో ముగ్గురు వ్యక్తులు నిలబడ్డారంటే మూడు శరీరాలు, మూడు మనసులు, మూడు ఇష్టాలు. వినేవాడికి ముగ్గురు దేవుళ్లే కనబడతారు. పక్కింటి ముస్లిం మిత్రుడు అడిగే ప్రశ్న కూడా ఇక్కడినుంచే వస్తుంది. గ్రీకులో 'హైపోస్టాసిస్', లాటిన్‌లో 'పెర్సోనా' అన్నవాళ్లకూ ఆ మాటలు సరిపోలేదు. ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను త్రిత్వం మీద పదిహేను భాగాల పుస్తకం రాసి కూడా, ముగ్గురు 'పెర్సోనా'లు అనడం ఊరకుండలేక అంటున్నదే తప్ప అది పూర్తిగా చెప్పినట్టు కాదని ఒప్పుకున్నాడు. మీ తమ్ముడు "ముగ్గురు దేవుళ్లా?" అంటే, "కాదు, మేమూ ఒక్కడే అంటాం, వ్యక్తి అన్న మాట మాకూ ఇరుకే" అని చెప్పండి. దాపరికం అవసరం లేదు.

మీ ఆఫీసులో ఆమెకు కూడా ఇదే దారిలో చెప్పవచ్చు. వేయి స్తంభాల గుడి 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి విడివిడిగా మూడు గర్భగుళ్లు, మధ్యలో అందరికీ ఒకటే మంటపం. ముగ్గురు దేవుళ్లు ఒక కప్పు కింద ఉన్నారు. క్రైస్తవులు చెప్పేది అది కాదు. మూడు గదులు, కలిపే ఒక మంటపం అంటే మేం ముగ్గురు దేవుళ్లను ఒప్పుకున్నట్టు. త్రిమూర్తుల్లాగా ఒకరు సృష్టి, ఒకరు స్థితి, ఒకరు లయ అని పని పంచుకోవడం కూడా కాదు. సృష్టిలో తండ్రి ఉన్నాడు, వాక్యం ఉంది, నీళ్ల మీద అల్లాడుతున్న ఆత్మ ఉన్నాడు. ఆమె మంచి మనసుతోనే అడిగి ఉంటుంది. ఆ గుడి గురించి గౌరవంగానే మాట్లాడి, తేడా చెప్పండి చాలు.

బాప్తిస్మం మాటకు వద్దాం, పెండ్లికి అడ్డం వచ్చింది అదే కాబట్టి. అపొస్తలుల కార్యాల్లో 2:38, 8:16, 10:48, 19:5 నాలుగు చోట్లా యేసు నామమే ఉంది. మీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. మత్తయి 28:19లో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామం ఉంది. అదీ అబద్ధం కాదు. 'నామములోనికి' అని ఏకవచనం, మూడు పేర్లకు ఒకే నామం. ఆ ఒక్క నామం యేసు అనేదే అని వాళ్లంటారు, ముగ్గురూ ఒకే దేవుడు కాబట్టి ఏకవచనం అని మనమంటాం. తొలితరం సంఘం ఏం చేసిందో చూడాలంటే డిడకే అనే చిన్న పుస్తకం ఉంది. అపొస్తలుల తర్వాత ఒకటి రెండు తరాల లోపలిది. దాని ఏడో అధ్యాయంలో తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం ఇవ్వమని ఉంది. తొమ్మిదో అధ్యాయంలో ప్రభువు నామంలో బాప్తిస్మం పొందినవారే రొట్టె తినాలని ఉంది. ఒకే పుస్తకం, మధ్యలో ఒక్క అధ్యాయం. రాసినవాళ్లకు ఆ రెండూ ఒకే బాప్తిస్మం. ఒకదాన్ని పట్టుకుని ఇంకొకదాన్ని చెల్లదనడం వాళ్లకు తట్టనే లేదు.

ఇక్కడ బాపుకు ఒక మాట గుర్తుచేయండి, మెల్లగా. మీ అమ్మ 'పిత పుత్ర పవిత్రాత్మ' నామంలో పసిబిడ్డప్పుడే ఫాతిమానగర్‌లో బాప్తిస్మం పొందింది. అది చెల్లదని మీ సంఘం మళ్లీ ముంచింది. బాప్టిస్టు నమ్మకం ప్రకారం అందులో తప్పు లేదు, 1879లో హన్మకొండలో ఆ మిషన్ మొదలైనప్పటినుంచి వాళ్లు నమ్మింది అదే. కానీ ఆ రోజు మీ తాతయ్య, అమ్మమ్మల ముఖాలు ఎలా ఉన్నాయో బాపు చూసే ఉంటాడు. ఇవాళ కొడుకు, బాపు బాప్తిస్మం చెల్లదంటున్నాడు. ఆ నొప్పి ఏమిటో మీ ఇంట్లో అమ్మకు తెలుసు. ఈ గొడవంతటిలో అమ్మ ఏమంటోందో మీరు ఒక్క ముక్క రాయలేదు. ఆమెను కూర్చోబెట్టుకుని అడగండి. బాపుతో మాట్లాడాల్సింది బహుశా ఆమే.

డిబేట్ ఎందుకు వద్దన్నానో చెప్తాను. త్రిత్వం మీద వాదనలు నాలుగో శతాబ్దంలో ఎలా జరిగాయంటే, కాన్‌స్టాంటినోపుల్ బజారులో రొట్టె ధర అడిగితే తండ్రి గొప్పవాడు, కుమారుడు తక్కువ అని జవాబు వచ్చేదట. స్నానానికి నీళ్లు సిద్ధమా అంటే, కుమారుడు శూన్యంలోంచి కలిగాడు అనేవారట. నిస్సా బిషప్పు గ్రెగరీ బాధపడుతూ చెప్పిన సంగతి ఇది. ఆయన త్రిత్వం పక్షాన నిలబడ్డవాడే. అయినా ఆ మాటల తీరు చూసి ఆయనకు దుఃఖం వచ్చింది.

నా సొంత అనుభవం ఒకటుంది. ఏళ్ల కింద కరీంనగర్ వైపు మా ఊళ్లో ఇలాగే ఒక వాదం పెట్టారు. మా మేనమామ కొడుకు వేరే బోధలోకి వెళ్లాడు. చిన్నప్పటినుంచి మా ఇంట్లోనే తిని, మా ఇంట్లోనే చదువుకున్నవాడు. శామియానా వేశారు, మైకు పెట్టారు. మా వైపు బోధకుడు మంచి వక్త. రెండు గంటల్లో బావ దగ్గర జవాబు లేకుండా చేశాడు. జనం చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. బావ మైకు కింద పెట్టి, చెప్పులు వేసుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. అమ్మ చనిపోయిన రోజు వచ్చాడు. గేటు బయట వేపచెట్టు కింద నిలబడి, శవపేటిక లేచాక వెళ్లిపోయాడు. లోపలికి రమ్మని పిలుద్దామని నేను బయటికి వచ్చేసరికి లేడు. అతను నమ్మింది తప్పే అని ఇప్పటికీ అంటాను. కానీ ఆ శామియానా కింద అతనికి ఒక్క మాట కూడా అర్థం కాలేదు, వినబడింది చప్పట్లే.

దీనికి వేరే దారి మన దగ్గరే జరిగింది. డోర్నకల్ బిషప్పు అజరయ్య, ఇంకొందరు కలిసి 1919లో తమిళ తీరంలోని తరంగంబాడిలో కూర్చుని, వేర్వేరు మిషన్ల సంఘాలు ఒకటి కావాలన్నారు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు బిషప్పు ఉండాలా వద్దా అన్న దగ్గరే ఏళ్లు గడిపారు. చివరికి సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. ఇరవై ఎనిమిదేళ్లు. అజరయ్య 1945లోనే కన్నుమూశాడు, చూడలేదు. మీ తమ్ముడికీ బాపుకూ మధ్య ఉన్నది వాళ్ల తేడాలకంటే పెద్దది, నేను చిన్నది చేయను. దేవుడెవరు అన్న ప్రశ్నే అది. అలాంటిది ఫిబ్రవరి లోపల, ఫంక్షన్ హాల్లో తేలిపోవాలని ఎవరు చెప్పారు?

ఇక చేయాల్సింది. ముందు బాపు గడప మాట వెనక్కి తీసుకోవాలి. త్రిత్వం గురించి ఆయన నమ్మకం ఒక్క వెంట్రుకంత కూడా మారక్కర్లేదు, సంఘ పెద్దగా ఆయన పరువు కూడా పోదు. ఆయన ఫోన్ చేసి "ఇంటికి రా" అంటే చాలు. అది అయ్యాక మీరు ఒకరోజు హైదరాబాద్ వెళ్లండి. మీరిద్దరే కూర్చోండి. యోహాను 14 నుంచి 17 దాకా నాలుగు అధ్యాయాలు, తలా ఒక అధ్యాయం పైకి చదువుకోండి. యూట్యూబ్ బోధలు ఫార్వర్డ్ చేసుకోవడం ఇద్దరూ మానాలి. చదివాక, "ఇందులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు తమ్మీ, నువ్వు ఎలా చదువుతావు?" అని అడిగి అతను చెప్పేది పూర్తిగా వినండి. తర్వాత అతను నమ్మేదాన్ని మీ మాటల్లో చెప్పి, "నేను సరిగ్గా చెప్పానా?" అని అడగండి. మీరు నమ్మేదాన్ని అతనితోనూ అలాగే చెప్పించండి. నా అనుమానం, అతను త్రిత్వం అని కాదంటున్నది ముగ్గురు దేవుళ్లను. దాన్ని మనమూ కాదంటాం.

అయినా అతను మారకపోవచ్చు. అప్పుడు కూడా, "ఈ విషయంలో నువ్వు తప్పని నేను నమ్ముతున్నాను, మళ్లీ బాప్తిస్మం మాకు అక్కర్లేదు" అని సూటిగా చెప్పండి. మేమంతా ఒకటే అని పైపైన సర్దకండి, అతనికి అది అవమానం.

పెండ్లిలో దీవెన మార్చమని పాస్టర్ గారిని అడగకండి. అది చెల్లె, అల్లుడు నిలబడే సంఘం, వాళ్ల విశ్వాసం. అతనికి ముందే చెప్పండి: తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలోనే దీవిస్తారు, నువ్వు ఆమేన్ అనక్కర్లేదు, చెల్లె పక్కన అన్నగా కూర్చో. వాక్య పఠనం అతనికి ఇవ్వగలరేమో పాస్టర్ గారిని అడగండి. చివరి ఆశీర్వాదానికి 2 కొరింథీ 13:14 చదివితే, ప్రభువైన యేసుక్రీస్తు కృప, దేవుని ప్రేమ, పరిశుద్ధాత్మ సహవాసం అన్న పౌలు మాటలే కాబట్టి అతను కూడా వాక్యంగానే వింటాడు. దాన్ని అతన్ని పట్టించే ఎత్తుగా మాత్రం వాడొద్దు. ఇలా చదువుతున్నాం అని ముందే చెప్పండి.

అతను రానంటే, పెండ్లి రోజు పొద్దున చెల్లెతోనే ఒకసారి ఫోన్ చేయించండి. పందిట్లోకి రాకపోయినా, భోజనానికైనా రమ్మని. బంతిలో బాపు పక్కన అతని ఆకు వేసి ఉంచండి.